మొలకకు రోజులు వెయ్యలేదు

మా మనవరాలు ప్రొద్దుటూరులో మా మిద్దెమీది గదిలో కూర్చుని బెంగళూరు కంపెనీకి సాఫ్టువేరు పని చేస్తుంది. పొద్దున పదయ్యేసరికి ఆమె కంప్యూటరు తెరమీద తొమ్మిది ముఖాలు తొమ్మిది గళ్ళలో కనబడతాయి. ఒక్కొక్కరూ నిన్న ఏం చేశారో, ఈరోజు ఏం చేయబోతున్నారో, పని ఎక్కడ ఆగిపోయిందో చెబుతారు. పావుగంటలో అంతా అయిపోతుంది. నేను ఎనభై దాటినవాణ్ణి, నాకు వేరే పనేమీ లేదు. కాఫీ గ్లాసు పట్టుకుని ఆ గది గుమ్మంలో కుర్చీ వేసుకుని వింటాను. ముప్పాతిక భాగం అర్థం కాదు. అర్థమైన పాతికతోనే నాకు పొద్దుపోతుంది.

ఆమెను అడిగి అడిగి విసిగించి కొంత తెలుసుకున్నాను. వాళ్ళు ఒక పెద్ద పనిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కను ఒక చీటీ మీద రాసి, గోడకు అంటించినట్టు తెరమీద అంటిస్తారు. రెండు వారాలకు సరిపడా చీటీలు తీసుకుంటారు. అవి పూర్తయితే మళ్ళీ రెండు వారాలకు ఇంకొన్ని. తయారైనంతవరకు వాడేవాళ్ళకు చూపిస్తారు, వాళ్ళు బాగాలేదంటే మారుస్తారు. మనుషులు ఇంత బుద్ధిగా పని చేస్తున్నారా అని నాకు భలే ముచ్చటేసింది. ఆ ముచ్చట ఎక్కువ రోజులు నిలవలేదు. ఒకరోజు ఆమె మొహం మాడ్చుకుని కూర్చుంది. వచ్చే నెల ఫలానా తేదీకి మొత్తం పని అప్పగించాలట.

"ఆ తేదీ ఎవురు పెట్టినారు?" అన్నాను.

"పైవాళ్ళు తాతా."

"పైవాళ్ళకు పని ఎంత ఉండాదో తెలుసునా?"

"యాడ తెలుస్తాది? కొనేవాళ్ళకు ముందే మాట ఇచ్చేసినారు."

నాకు నవ్వు వచ్చింది. ఆమెకు కోపం వచ్చింది. నేను నవ్వింది ఆమెను చూసి కాదు. అరవై ఏళ్ళ కిందట సరిగ్గా అట్లాంటి తేదీ ఒకటి పెట్టినవాణ్ణి నేనే. అదీ పంచాంగం చూసి పెట్టాను.

కర్నూలు రాజధానిగా ఉన్న ఆంధ్రరాష్ట్రం పోయి, హైదరాబాదు రాజధానిగా ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త రోజులవి. మాది జమ్మలమడుగు. మా నాన్న పురోహితుడు. నాకు మంత్రాలు నోటికి వచ్చేవి, మనసు మాత్రం గీతల మీద ఉండేది. డ్రాయింగు పరీక్ష ప్యాసై, జమ్మలమడుగు బడిలో రెండేళ్ళు పిల్లల చేత పూలకుండీలు గీయించి, ఆ కుండీలంటేనే రోత పుట్టి, భార్యను వెంటబెట్టుకుని ప్రొద్దుటూరు చేరాను. అక్కడ ఒక బట్టల షావుకారుకు ఇనుప పని షెడ్డు ఒకటి ఉండేది. నీళ్ళ ఇంజన్లు, నూనెమిల్లు సామాన్లు అందులో బాగుచేసేవాళ్ళు. షెడ్డును నడిపేది ఒక మేస్త్రి. యాభై దాటిన మనిషి, సంతకం పెట్టడం తప్ప చదువు లేదు. ఒకరు చేసినవి బాగుచేయడమే తన బతుకైపోయిందని ఆయనకు బాధ. ఏదైనా కొత్త మిషను మనమే చేద్దామని షావుకారును రెండేళ్ళు పోరుపెట్టి చివరికి ఒప్పించాడు. చేయాలనుకున్నది వేరుశనగ కాయలు ఒలిచే చేతిమిషను.

నన్ను పిలిపించింది దాని బొమ్మలు గీయడానికి. షావుకారు మనసులో ఇంకొక లెక్క ఉందని చేరినాక తెలిసింది. వాళ్ళ ఇంట్లో మంచిరోజు చూడకుండా కొత్త బట్టల బేలు కూడా విప్పరు. పురోహితుని కొడుకు షెడ్డులోనే ఉంటే వేరే ఇంటికి పోయి పంచాంగం అడిగే పని తప్పుతుంది. పౌరోహిత్యం వద్దని పారిపోయి వచ్చినవాణ్ణి, అది నాకంటే ముందే బస్సు దిగి అక్కడ కూర్చుని ఉంది.

నా బొమ్మల్ని మేస్త్రి పెద్దగా పట్టించుకునేవాడు కాదు. కాగితం మీద ఎంత చక్కగా గీసినా, దాన్ని చూసి షెడ్డు నేలమీద సుద్దతో అసలు కొలతకు మళ్ళీ గీసేవాడు. ఆ గీతల్లో నిలబడి, వంగి, లేని పిడిని పట్టుకుని ఊపి చూసేవాడు. "కాగితంలో నడుము నొయ్యదు సామీ. ఈడ నొస్తాది" అనేవాడు. అట్లా నిలబడి చూసే పిడిని జానెడు పైకి జరిపాడు. నేను మూడు రోజులు అలిగి, నాలుగో రోజు నేను కూడా సుద్దగీతల్లో నిలబడి చూశాను. ఆయన చెప్పిందే నిజం.

పొద్దున పని మొదలుపెట్టే ముందు ఆ సుద్దబొమ్మ చుట్టూ మమ్మల్నందరినీ నిలబెట్టేవాడు. వడ్రంగి, కొలిమి దగ్గరి ఇద్దరు, నేను. ఆయన అడిగేది ఒకటే ప్రశ్న.

"ఎవురు ఎవురికోసరం కాసుకోనుండారు?"

ఎవరైనా ఇంకొకరి పని కోసం ఆగి ఉంటే వాళ్ళే ముందు మాట్లాడాలి. నిన్న ఏం పొడిచావని ఆయన ఎవరినీ అడిగేవాడు కాదు. వడ్రంగి "నేను ఇరుసు కోసరం" అంటే ఆరోజు కొలిమిలో ముందు ఇరుసే. మిగతాదంతా తర్వాత. ఈ సంగతి మా మనవరాలికి చెబితే, "మాకంటే మీరే నయం తాతా, మాలో ఎవరి కోసం ఎవరు ఆగి ఉన్నారో వారం తర్వాత బయటపడుతుంది" అంది. నాకు గర్వంగానే అనిపించింది. మిగతా కథ తెలియదు కాబట్టి ఆమె అట్లా అంది.

మిషను పెద్ద చిక్కైనదేమీ కాదు. కింద వంచిన ఇనుప జల్లెడ. దాని పైన ఇటూ అటూ ఊగే దిమ్మ, ఆ దిమ్మకు ఇనుప పళ్ళు. పొడుగాటి పిడి పట్టుకుని ఊపితే కాయలు పళ్ళకూ జల్లెడకూ మధ్య నలిగి పగులుతాయి. గింజ, పొట్టు కిందికి రాలతాయి. ఆ తర్వాత చేటతో చెరుక్కోవడమే. మాఘమాసంలో మొదలుపెట్టి ఉగాది నాటికి ఒకటి నిలబెట్టాం. చాపాడు వైపు నుంచి నూనెమిల్లుకు కాయల బండ్లు వస్తుంటే రెండు మూటలు దింపించి పోసి చూశాం. షావుకారు గడియారం చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఇద్దరు మనుషులు రోజంతా కూర్చుని ఒలిచే కాయలు మా మిషను కాఫీ తాగి వచ్చేలోపల ఒలిచేసింది. మేస్త్రి ఎప్పుడూ నవ్వని మనిషి, పొట్టు దోసిట్లోకి తీసుకుని నవ్వాడు. షావుకారు ఆ వారమే పులివెందుల పోయి, పదిమంది రైతులకు పది మిషన్లు ఇస్తానని మాట ఇచ్చి వచ్చాడు. విత్తుకాలానికి ముందే, అంటే ఆరుద్ర కార్తె వచ్చేలోపలే ఇవ్వాలి.

"మంచి దినం చూడు సామీ. మొదటి బండి మన గడప దాటేది" అన్నాడు నాతో.

చూశాను. జ్యేష్ఠంలో ఒక గురువారం దొరికింది. తిథి, వారం, నక్షత్రం అన్నీ కుదిరిన దినం, వెతికినా వంక దొరకదు. అప్పుడు నేను ఇంకొక ఘనకార్యం చేశాను. షెడ్డు గోడమీద బొగ్గుతో రోజుకొక గీత గీసి, ఆ గురువారం నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ వచ్చాను. బండికి ఎక్కించడానికి ఒక గీత. రంగుకు మూడు. పళ్ళు బిగించడానికి ఆరు. కొలిమి పనికి ఇన్ని, వడ్రానికి ఇన్ని. అట్లా గీతలు గీస్తున్న రోజుకు వచ్చేసరికి ఇంకా ఒక గీత మిగిలింది. మాకు ఒక రోజు ఎక్కువే ఉందన్నమాట! నా అంత తెలివైనవాడు జిల్లాలో ఉన్నాడా అనిపించింది. ఆ గోడ చూడమని మా ఆవిడను కూడా పిలుచుకొచ్చాను. ఆమె చూసి, "ఎవరికైనా జ్వరం వస్తేనో?" అంది. ఆడవాళ్ళకు అపశకునం మాట్లాడటం అలవాటని విసుక్కున్నాను.

మొదటి మిషనును వాడేవాళ్ళకు చూపించి రమ్మని మేస్త్రి నన్ను పంపించాడు. బస్సుపైన కట్టించి, సింహాద్రిపురం దగ్గర దిగి, అక్కడినుంచి ఎద్దులబండిలో ఒక ఊరికి చేర్చాను. షావుకారు మాట ఇచ్చిన పదిమందీ ఆ ఊరివాళ్ళూ చుట్టుపక్కలవాళ్ళూనే. రచ్చకట్ట దగ్గర పెట్టి ఊపి చూపించాను. మగవాళ్ళంతా మూగారు. "శానా బిరీన ఒలుస్తాంది" అన్నారు. ఒకరి తర్వాత ఒకరు పిడి ఊపి చూశారు. గింజను మాత్రం ఎవరూ చూడలేదు.

పదిమందిలో ఒక్కతే ఆడమనిషి. అరవై ఏళ్ళ అవ్వ. భర్త పోయాక ఏడెకరాల ఎర్రనేల తనే సేద్యం చేయించుకునేది. ఆమె పిడి ముట్టుకోలేదు. కింద రాలిన గింజల్ని గుప్పెడు తీసుకుని, ఒక్కొక్కదాన్నీ కింది పెదవి మీద మెల్లగా రుద్దుకుని, కొన్నింటిని ఒళ్ళో వేసుకుని, కొన్నింటిని పక్కన పారేసింది. నేను చూస్తుండగా పారేసిన కుప్ప పెద్దదైంది.

"ఏందవ్వా పారేస్తాండావు?" అన్నాను.

"ముక్కులు ఇరిగినాయి సామీ."

గింజకు ఒక కొసన చిన్న ముక్కు ఉంటుంది. మొలక వచ్చేది అక్కడినుంచే. ముక్కు విరిగినా, పైపొర చిట్లినా ఆ గింజ మొలవదు, కంటికి మాత్రం బాగానే కనబడుతుంది. వేలికి తెలియని చీలిక పెదవికి తెలుస్తుందని ఆమె చెప్పింది. "ఇది నూనెకు పనికొస్తాది. నేలకు పనికిరాదు" అని మిషను వైపు చూసింది. నేను నిజానికి సిగ్గుపడాలి. నాకు సిగ్గుకంటే ముందు ఆశ్చర్యం వచ్చింది. పరీక్షలు ప్యాసైన నాకూ, ఇనుముతో ముప్పైఏళ్ళు గడిపిన మేస్త్రికీ, గడియారం పట్టుకుని నిలబడిన షావుకారుకూ తెలియనిది ఈమె పెదవికి తెలుసు! ఆ పూటంతా ఆమె వాకిట్లోనే కూర్చుని నేర్చుకున్నాను. పెదవికి కూడా తెలియని దెబ్బలు కొన్ని ఉంటాయట. వాటికోసం తడిపిన గోనెపట్టాలో వంద గింజలు చుట్టిపెట్టి, ఆరు రోజులు తడి ఆరకుండా చూసి, విప్పి మొలకలు లెక్కపెట్టాలట. అంతకంటే దగ్గరి దారి లేదంది.

ఇంకొక సంగతి కూడా అక్కడే తెలిసింది. ఆ ఊళ్ళో విత్తనపు కాయలు ఆడవాళ్ళు చేత్తోనే ఒలుస్తారు. పదిమంది ఒక జట్టు. ఈరోజు ఒక ఇంట్లో, రేపు ఇంకొక ఇంట్లో, వంతు ప్రకారం అందరూ కూర్చుని ఒలుస్తారు. బొటనవేలి గోరు అరిగిపోతుంది. అవ్వకు పన్నెండు మూటల కాయలున్నాయి. ఒంటరిగా ఒలవాలంటే ఎన్నాళ్ళైనా కాదు. జట్టులో ఆమె వంతు జ్యేష్ఠం మొదట్లోనే వస్తుంది. మా మిషన్లు వచ్చే గురువారం సంగతి ఆమెకు చెప్పాను.

"ఆ బేస్తవారానికి మీ మిషను ముక్కులు ఇరగకుండా ఒలుస్తాదా?" అని అడిగింది.

"ఒలుస్తుందవ్వా."

"మాటేనా?"

"మాటే."

"అట్లయితే నా వంతు పక్కింటామెకు ఇచ్చేస్తా. ఆమె కూతురు నీళ్ళాడి పసిబిడ్డతో పండుకోనుండాది, ఆమెకు తొందరగా కావల్ల."

మేస్త్రిని ఒక్కమాట అడగకుండా నేను ఆ మాట ఎట్లా ఇచ్చానో ఇప్పటికీ అర్థం కాదు. గోడమీద మిగిలిన ఆ ఒక్క గీత నాకు అంత ధైర్యం ఇచ్చింది కాబోలు.

నేను తెచ్చిన గింజల్లో విరిగిన ముక్కుల్ని మేస్త్రి ఒక్కొక్కటే తిప్పి చూశాడు. తర్వాత, "సావుకారు బిరీన ఒలవాల అన్యాడు. మనం బిరీన ఒలిపిచ్చినాం. విత్తనం ఒలిచేటోళ్ళను పోయి అడగల్లని మన్లో ఒగనికీ తోచలా" అన్నాడు. ఆయన ఎవరినీ తిట్టలేదు. అదే నాకు కష్టంగా తోచింది. మరుసటి రోజు నుంచి ఇనుప పళ్ళు తీసేసి కొయ్య పళ్ళు పెట్టాడు. కొయ్య అరిగిపోయింది. పళ్ళకు గోనె చుట్టాడు. గోనె చిరిగింది. జల్లెడను కిందికి దించాడు. సగం కాయలు పగలకుండానే జారిపోయాయి. ఒలిచిన గింజల్ని అవ్వ చెప్పినట్టు పెదవితో చూడబోతే ఆయనకు మీసం అడ్డం వచ్చి ఏమీ తెలిసేది కాదు. ఆ పని నామీద పడింది. జీవితంలో అన్ని వేరుశనగ గింజల్ని ముద్దు పెట్టుకున్న పురోహితుని కొడుకు ఇంకొకడు ఉండడని షెడ్డంతా నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. గోడమీద గీతలు మాత్రం రోజుకొకటి కొట్టేస్తూనే ఉన్నాం.

మేస్త్రి లారీ టైరుతో కుట్టిన చెప్పులు వేసుకునేవాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం కాయల కుప్ప మీదుగా నడిచిపోతూ టక్కున ఆగాడు. కాలు తీసి చూశాడు. కాయలు పగిలాయి, లోపల గింజ నున్నగా ఉంది. వంగి ఒక గింజ నాకు అందించాడు. పెదవికి ఆనించి చూశాను, ముక్కు చెక్కుచెదరలేదు. ఆయన అక్కడే కూర్చుని చెప్పులు రెండూ కోసి ముక్కలు చేశాడు. సాయంత్రానికి ఆ ముక్కలు ఒక దిమ్మకు బిగించాం. గింజలు చక్కగా రాలాయి. వడ్రంగి గంతులు వేశాడు. ఊళ్ళో పాత టైర్లు ఎక్కడున్నాయో వెతకడానికి మనుషులు పరిగెత్తారు. మూడు రోజుల్లో పది మిషన్లకూ బిగించవచ్చు. గురువారానికి ఇంకా నాలుగు రోజులున్నాయి.

మేస్త్రి చెప్పుల్లేని కాళ్ళతో గోడ దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"మొలక చూడల్ల గద సామీ" అన్నాడు.

ఆరు రోజులు కావాలి. నాలుగే ఉన్నాయి.

"మనుషుల పనికంతా గీతలు ఏసినావు. మొలకకు రోజులు ఎయ్యలా" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. నేను గోడవైపే చూస్తూ నిలబడ్డాను. మిగిలిందని మురిసిపోయిన ఆ ఒక్క గీత కూడా ఎప్పుడో జల్లెడ పనికి ఖర్చైపోయింది.

"శెట్టిగారితో ఉన్న సంగతి చెబుదాం మామా" అన్నాను.

"మాట పోతాదని ఒప్పుకోడు. సావుకారు మిషను కోసరం ఆగడు సామీ. నచ్చత్రం కోసరం ఆగుతాడు" అన్నాడు.

ఆయన నన్ను అబద్ధమాడమని అడగలేదు. మొలక చూడకుండా పంపితే అవ్వ ఏడెకరాలూ బీడు పడవచ్చు. అది నా నెత్తిన ఉంది. నేను చేయబోయేది ఆమె మేలుకే కదా అనుకున్నాను. సోమవారం పొద్దున బట్టల అంగడికి పోయి, షావుకారు ముందు కూర్చుని, "మీ తారాబలం చూడటంలో పొరపాటు పడ్డాను శెట్టిగారూ. ఆ గురువారం మీకు పడదు. ఎనిమిది రోజులు ఆగి శుక్రవారం చేద్దాం" అన్నాను. ఆయన రెండు చేతులూ జోడించి, "ముందే చూసినావు, బతికించినావు సామీ" అన్నాడు. ఒక్క ప్రశ్న అడగలేదు. మా నాన్న ఏనాడూ లేని దోషం చెప్పి ఎరగడు. అంగడి మెట్లు దిగుతుంటే ఆయన గుర్తుకొచ్చాడు. అయినా పని ఇంత సులభంగా అయిపోయినందుకు సంతోషమే ఎక్కువగా ఉందని ఒప్పుకోవాలి.

రైతులకు కార్డు నేనే రాశాను. దినం మంచిది కానందువల్ల మిషన్లు వచ్చే వారం శుక్రవారం వస్తాయని రాశాను. ఆ కార్డులో ఇంకా రెండు వాక్యాలకు చోటుంది. ఖాళీగా వదిలేశాను.

తర్వాతి ఆరు రోజులు నా జీవితంలో చాలా మంచి రోజులు. తడిపిన గోనెపట్టా షెడ్డు మూల నీడలో పెట్టి, పూటకొకసారి నీళ్ళు చిలకరించేవాళ్ళం. మేస్త్రి రోజుకు నాలుగుసార్లు పోయి దాని పక్కన కూర్చుని వచ్చేవాడు. విప్పి చూడాలని అందరికీ చేతులు దురద. ఆరో రోజు విప్పాం. తెల్లటి మొలకలు గింజ ముక్కులు చీల్చుకుని వంపు తిరిగి ఉన్నాయి. లెక్కపెట్టాం. నూటికి పది తప్ప అన్నీ మొలిచాయి. ఇనుప పళ్ళ మిషను గింజలు కూడా పక్కన ఇంకొక పట్టాలో పెట్టాం, అందులో సగం కుళ్ళిపోయాయి. మేస్త్రి ఒక మొలకను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. ముసలాయన కళ్ళు తుడుచుకోవడం మేము చూడనట్టు నటించాం.

శుక్రవారం షావుకారు టెంకాయ కొట్టాడు, లారీ గడప దాటింది. నేను, మేస్త్రి ముందర కూర్చున్నాం. ప్రొద్దుటూరులో చినుకు పడలేదు, ముద్దనూరు దాకా అంతా ఎండే. అది దాటి కొంత దూరం పోయాక రోడ్డు పక్క గుంటల్లో నీళ్ళు కనిపించాయి. చేలల్లో విత్తే గొర్రు తోలిన చాళ్ళు వరసగా ఉన్నాయి. "వాన పడింది మామా!" అని నేను అరిచాను. మేస్త్రి లారీ ఆపించి, చేలో ఉన్న మనిషిని అడిగాడు.

"సోమారం పడింది అప్పా. మంచి పదును. అందరూ ఏసేసినారు" అన్నాడు ఆయన.

ఎర్రనేలలో పదును, అంటే విత్తడానికి తగిన తడి, మూడు రోజులకంటే నిలవదు. నేను వేళ్ళు లెక్కపెట్టుకున్నాను. సోమవారం నుంచి నాలుగు.

తొమ్మిది ఇళ్ళలో మా మిషన్లను ఆదరంగానే దింపుకున్నారు. ఆ ఇళ్ళలో మగవాళ్ళు మిషను కొంటామని ఒప్పుకున్నా, ఆడవాళ్ళు మమ్మల్ని నమ్ముకోకుండా ఎప్పటిలాగే వంతుల ప్రకారం కూర్చుని ఒలిచేశారు. విత్తడం కూడా అయిపోయింది. మమ్మల్ని నమ్ముకున్నది ఒక్కతే.

అవ్వ వాకిట్లో పన్నెండు మూటలూ గోడకు ఆనించి ఉన్నాయి. ఒకటి సగం విప్పి ఉంది. పక్కన చేటలో ఒలిచిన గింజలు కొద్దిగా ఉన్నాయి. ఆమె రెండు బొటనవేళ్ళకూ గుడ్డపీలికలు చుట్టుకుని ఉంది. వాన పడినాక జట్టువాళ్ళంతా ఎవరి చేలల్లోకి వాళ్ళు పోయారట. ఒక్కతే కూర్చుని ఒలవబోయి చేతులు పగిలాయి. మమ్మల్ని చూసి లేచి, మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. నేను తాగలేకపోయాను.

"ఆ బేస్తవారం మంచి దినమే అవ్వా. మిషనే బాగాలేకపోయింది. మొలక చూసుకోవడానికి రోజులు కావాల్సి వచ్చి, నేను షావుకారుకు అబద్ధం చెప్పాను. నీకూ అదే రాశాను" అన్నాను.

ఆమె నన్ను చూసింది, తర్వాత మేస్త్రిని చూసింది. ఆయన తల వంచుకున్నాడు.

"ఇప్పుడన్నా నిజం చెప్పు. ఇది ఇంగా ముక్కులు ఇరగ్గొడతాదా?"

"కొడుతుందవ్వా. నూటికి పది."

"పదేనా?" అంది. నిజంగానే ఆశ్చర్యపోయింది. "ఉడత తినేది, పురుగు తినేది అంతకంటే ఎక్కువ గదప్పా. అన్ని ఎక్కువ ఏస్తాం. సగం ఇరుగుతాయని చెప్పినా ఏదో ఒగటి చేసుకోనుందును. మిషను ఇంగా కాలేదు అని ఒక్క మాట రాసింటే, వాన పడకముందు మూడు దినాలు జట్టోళ్ళంతా ఊరికే ఉండారు, పిలుచుకోని ఒలిపిచ్చుకోనుందును. మిషను తయారుగా ఉండాది, దినం కోసరం ఆగినారు అనుకున్యా. దినం మంచిది కాదంటే నేనేం జేసేది సామీ? కూచ్చున్యా."

ఆమె గొంతు పెంచలేదు. తిట్టి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ తర్వాత నేను ఎవరికీ ముహూర్తం పెట్టలేదు. షావుకారుకు కూడా ఆ సాయంత్రమే నిజం చెప్పాను. ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు, మూడో రోజు నుంచి తేదీ మేస్త్రినే అడగడం మొదలుపెట్టాడు.

ఆరుద్ర పోయింది, పునర్వసు పోయింది. ఆ ఊరికి అప్పుడప్పుడు జల్లులే తప్ప, విత్తడానికి సరిపడే పదును వాన మళ్ళీ పడలేదు. చుట్టూ చేలు పచ్చగా ఉంటే మధ్యలో ఆ ఏడెకరాలు ఎర్రగా ఉండిపోయాయి. కార్తీకంలో అవ్వ ఆ పన్నెండు మూటలూ నూనెమిల్లుకు అమ్మేయడానికి ఒప్పుకుందని తెలిసి నేను పోయాను. మా మిషను ఆమె వాకిట్లోనే ఉంది. నేను పిడి ఊపాను, ఆమె కాయలు పోసింది. నూనెకు పోయే గింజ కాబట్టి ముక్కు చూడాల్సిన పని లేదు. పొద్దున మొదలుపెట్టి అన్నం వేళకు పన్నెండు మూటలూ ఒలిచేశాం.